మా కొట్టపు వాసములు

తిన్న యింటి వాసములు లెక్కపెట్టుట యని మన భాషలో నొక నింద కలదు. మేలు పొందిన యింటికే కీడు తలపెట్టువానిని మన పెద్దలు అట్లందురు. మేము గడచిన వేసవియందు ఒక కప్పునకు గావలసిన వాసములను నిజముగానే లెక్కపెట్టితిమి. కాగితము మీద లెక్కపెట్టితిమి, కంప్యూటరు తెర మీద లెక్కపెట్టితిమి, ఇరువదిరెండని తేల్చితిమి. ఆ లెక్క తప్పలేదు. అయినను ఆ పని ముగియకమునుపే, మాకు మేలు చేయవచ్చిన యొక వృద్ధునకు మేము కీడు చేసితిమి. ఆ సామెత యక్షరాల మాకే తగిలినది. అది యెట్లు జరిగెనో, యెట్లు చక్కబడెనో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును తెలియజెప్పుట మా విధియని యెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పాఠశాల యావరణమున దక్షిణపు మూల నొక పాత బండ్ల కొట్టము కలదు. ఎద్దుబండ్ల కాలము గడచిన పిమ్మట దానిని పట్టించుకొన్నవారు లేరు. కప్పు కూలిపోయినది, గోడలు మాత్రము నిలిచినవి. నల్లగొండ మొదలుకొని పాలమూరు వరకు ఎచట జూచినను గుట్టలును గుండ్లును గదా! రాతికి కొదువలేని యీ నేలలో ఆ కొట్టపు గోడలును అడుగున్నర మందముగల రాతిగోడలే. వానిమీద క్రొత్త కప్పు వేసి, పిల్లలకు చేతిపనులు నేర్పు గదిగా జేయవలెనని పాఠశాల సంఘమువారు నిశ్చయించిరి. పూర్వవిద్యార్థులు కొందరు ధనమిచ్చిరి. పూణే నగరమున భవనముల పనికై వలసపోయిన యొక తండ్రి తన కుమారుని ద్వారా అయిదువందల రూపాయలు పంపెను. వచ్చిన ధనమంతటిలో ఆ యయిదువందలే మాకు మిక్కిలి బరువుగా తోచినవి.

ఇనుప రేకులు పరచిన పని సులభముగా నగును. కాని వైశాఖమాసపు టెండలో రేకుల క్రింద కూర్చున్నవారికే ఆ బాధ తెలియును. కావున పెంకుటి కప్పే వేయుదమనుకొంటిమి. మన ప్రాంతమున పాతయిండ్లలో మట్టి మిద్దెలు చాల గలవు. దూలములమీద కర్రలు పేర్చి, పైన మన్ను దట్టించి, నీరు జారుటకు కొద్దిపాటి వాలు నుంతురు. వాన తక్కువగు నేలకు అది తగిన కప్పే. అయితే యేటవాలు కప్పునకు వలయు కోణపు కోతలు మిద్దెపనిలో నుండవు. అందుచేత ఆ విద్య నెరిగిన వడ్రంగి మా చుట్టుపట్ల ఒక్కడే దొరకెను. ఆయన డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడు. పిల్లలు ఆయనను వడ్లతాత యని పిలిచెడివారు. ఆయన మనుమడు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి.

మేము కొన్న పెంకులు మంగళూరు పెంకులు. మనవారు వీనినే బెంగుళూరు పెంకులనియు నందురు. వీని చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది. 1865లో బాసెల్ మిషనుకు చెందిన ప్లెబ్‌స్ట్ అను జర్మను దేశీయుడు మంగళూరునందు పెంకుల కర్మాగారమును స్థాపించెను. నేత్రావతి, గురుపుర నదుల యొడ్డున దొరకు బంకమన్ను ఆ పనికి అనుకూలించినది. మన కుమ్మరి చేయు గూన పెంకును ఒకింత అటునిటు జరిపి సర్దవచ్చును. మంగళూరు పెంకు అట్టిది కాదు. ఒకదాని గాడిలో నింకొకటి యొదిగి కూర్చుండవలెను. అన్నియు నొకే యచ్చున వచ్చినవి గనుక క్రిందనున్న కర్రపని వంకరగా నున్నచో అవి క్షమింపవు. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీని యవసరము కలదు.

ఒంటిపూట బడులు నడచు దినములలో, మధ్యాహ్నమున, తొమ్మిదవ తరగతి పిల్లలను కొందరిని కంప్యూటరు గదిలో కూర్చుండబెట్టి, కప్పును ముందుగా తెరమీద కట్టి చూపుదమని మేము పూనుకొంటిమి. ఇట్టి చిత్రలేఖనమునకు క్యాడ్ అని పేరు. 1963లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఐవాన్ సదర్లాండ్ అను యువకుడు స్కెచ్‌ప్యాడ్ అను దానిని నిర్మించి, కాంతికలముతో తెరమీద గీతలు గీయుటయే గాక, ఈ గీత ఆ గీతకు సమాంతరముగా నుండవలెను, ఈ మూల సమకోణముగా నుండవలెను అని యంత్రమునకు ఆజ్ఞాపించు మార్గమును చూపెను. 1982లో ఆటోక్యాడ్ వెలువడిన పిదప ఈ విద్య చిన్న కంప్యూటర్లకు వచ్చినది. మేము వాడినది ఫ్రీక్యాడ్. ఇది 2002లో మొదట విడుదలయైనది. ఎవరైనను వెల లేకుండ తెచ్చుకొని వాడుకొనవచ్చును గనుక మావంటి పాఠశాలలకు తగినది.

మా లెక్క యిట్లుండెను. కొట్టపు వెడల్పు వెలుపలి అంచునుండి వెలుపలి అంచునకు 12 అడుగులు. పొడవు 20 అడుగులు. నడిమికొప్పున పొడవునా సాగు దూలము వెన్నుదూలము. దానినుండి రెండువైపుల గోడలమీదికి దిగు ఏటవాలు కర్రలు వాసములు. వెడల్పులో సగము 6 అడుగులు. కొప్పు ఎత్తు గోడపైనుండి నాలుగున్నర అడుగులని పెట్టుకొంటిమి. ఏలయనగా ఆరును, నాలుగున్నరయు కలిసిన సమకోణ త్రిభుజమున కర్ణము సరిగా ఏడున్నర వచ్చును. మూడు, నాలుగు, అయిదు అను ప్రసిద్ధమైన సంఖ్యలనే ఒకటిన్నర చొప్పున హెచ్చవేసిన యీ కొలతలు వచ్చును. చూరు గోడను దాటి అడుగున్నర ముందుకు రావలెను. వాలు వెంబడి అది 22½ అంగుళములు. మొత్తము 9 అడుగుల 4½ అంగుళములు. వెన్నుదూలపు మందము 2 అంగుళములు గనుక అందు సగము, అనగా ఒక అంగుళమునకు వాలు వెంబడి 1¼ అంగుళము తీసివేయవలెను. తుదకు వాసపు పొడవు 9 అడుగుల 3¼ అంగుళములు. రెండడుగులకు ఒక జత చొప్పున పదునొకండు జతలు, ఇరువదిరెండు వాసములు.

గోడమీద పరచిన పట్టెపై వాసము జారక కూర్చుండుటకు దాని యడుగున ఒక గాడి కోయుదురు. ఆ గాడి యెచట పడవలెనో చెప్పుటలోనే కప్పు పని నైపుణ్యమంతయు నున్నది. పిల్లలు ఒక వాసమును తెరమీద గీచి, అంగుళములను మిల్లీమీటర్లుగా మార్చి కొలతలిచ్చి, గాడిని తొలిచి, దానినే వరుసగా పదునొకండు జతలుగా పరచిరి. మౌసుతో త్రిప్పి చూడగా కప్పు గాలిలో నిలిచిన పక్షి రెక్కలవలె కన్పట్టెను. ఫ్రీక్యాడ్‌నందు ఒక విశేషము కలదు. చిత్రమునకు కావలసిన కొలతలును నియమములును అన్నియు నిచ్చి, అనిశ్చితమైనది ఏదియు మిగులనప్పుడు గీతలన్నియు ఆకుపచ్చగా మారును. మా గీతలన్నియు ఆకుపచ్చనైనవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఇరువది యేండ్లకు పైగా గణితము చెప్పుచున్న మాకును లోలోపల గర్వమే కలిగెను.

మే నెలలో కర్ర వచ్చినది. టేకు కొనుటకు శక్తి చాలక మద్దికర్ర తెప్పించితిమి. తెరమీది చిత్రమును అచ్చుతీసి వడ్లతాతకిచ్చితిమి. ఆయన కాగితమును కొంతసేపు చూచి, మడిచి జేబులో పెట్టుకొని, గోడలవైపు తిరిగి అడిగెను.

"సారూ, ఆ కొస గూడ కొలిచిండ్రా?"

మేము ద్వారమున్న కొసను మాత్రమే కొలిచియుంటిమి. రెండవ కొసన ముళ్లపొదలును కూలిన పెంకులును పడియుండుటచే అటు పోలేదు. ఆ సంగతి చెప్పుటకు బిడియపడి యిట్లంటిమి: "గోడలు ఒక్కతీరుగనే ఉన్నయి పెద్దయ్యా. అంతా లెక్క ప్రకారమే."

"గట్లనైతె ఒక్క జత కోసి రెండు దిక్కుల పెట్టి చూద్దాం సారూ. కుదిరినంక కడమవి కోద్దాం."

ఇది ఎంతయు వివేకము గల మాట. కాని మృగశిరకార్తె దగ్గరపడుచుండెను; వాన రాకమునుపే పెంకులు పరచవలెనను తొందర మాకు కలదు. అదిగాక, అన్ని వాసములు నొక్కటేయని యంత్రమే చూపుచుండగా మరల సరిచూచుట యేలయను అహంభావమును కలదు. అన్నియు నొకేసారి కోయుమని చెప్పితిమి. ఆయన మారుమాటాడలేదు. రెండు దినములలో ఇరువదిరెండు వాసములును కోసి, గాళ్లు తొలిచి, కొట్టమునకు ప్రక్కన వరుసగా పేర్చెను.

ద్వారపు కొసనుండి వాసము లెత్తనారంభించిరి. మొదటి జత గోడపట్టెపై చక్కగా కూర్చుండెను. రెండవది కూర్చుండెను. నాలుగవ జతకు గాడి పట్టెకు కొంచెము లోపలగా పడినది. ఆరవ జతకు అంగుళమునకు మించిన తేడా వచ్చినది. పనివాండ్రు రెండు వాసములకు గాడిని పెద్దది చేసి సర్ద జూచిరి. కర్ర బలము పోయి ఆ రెండును చెడినవి. సరిగా ఆ సమయమునకే పాఠశాల సంఘమునకు చెందిన యొక పెద్దమనిషి పని చూడవచ్చెను. చెడిన వాసములను జూచి, "వడ్లాయన కొలత తప్పిండు. ముసలితనం గదా" అనెను.

పిల్లలందరు అచటనే యుండిరి. ఆ వృద్ధుని మనుమడును నుండెను. వడ్లతాత మావైపు ఒక్కసారి చూచి, తల వంచుకొని, రంపమును గుడ్డతో తుడుచుకొనుచు ఊరకుండెను. మేమును ఊరకుంటిమి. తప్పెవరిదో ఆ క్షణమున మాకు నిశ్చయముగా తెలియదు, ఇది నిజము. కాని ఆయన యడిగిన ప్రశ్న మా చెవిలో మ్రోగుచునే యుండెను, ఇదియు నిజము. ఒక్క మాట యనుటకు నోరు రాలేదు. పిల్లవాని ముఖము ఎఱ్ఱనై, వాడు అచటనుండి వెడలిపోయెను.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందు మేము నేర్చుకొన్న యొక సూత్రము జ్ఞాపకమునకు వచ్చెను. పిల్లవాని జవాబు తప్పైనప్పుడు వానిని దండింపకమునుపు, మనమిచ్చిన ప్రశ్న సరిగా నున్నదో లేదో చూడవలెను. తెల్లవారకమునుపే టార్చిలైటును టేపును తీసికొని కొట్టమునకు పోయితిమి. అచట ఆ పిల్లవాడు మాకంటె ముందుగా వచ్చి, దారము చేతబట్టి నిలిచియుండెను. వాని చేతిలోని దారమే వాడేల వచ్చెనో చెప్పుచుండెను. మేమేమియు అడుగలేదు. ముళ్లపొదలను నరికి దారి చేసి, ఇరువురమును రెండవ కొసను కొలిచితిమి.

12 అడుగుల 5 అంగుళములు!

మూలనుండి మూలకు కొలిచితిమి. గది సరియైన దీర్ఘచతురస్రమైనచో ఆ రెండు కొలతలు సమముగా నుండవలెను. వానికి రెండున్నర అంగుళముల తేడా వచ్చినది. తూర్పుగోడ తిన్ననిదే, పడమటి గోడ పోనుపోను వెలుపలికి జరిగినది. పూర్వము దానిని కట్టినవారికి ఎద్దుబండ్లు పట్టిన చాలును గదా. అయిదంగుళములు వారికి లెక్కలోనివి కావు. గోడపట్టెను మేము గోడ యంచు వెంబడి పరపించితిమి గనుక పట్టెయు గోడతోపాటు వంకర పోయినది. వెన్నుదూలమును నడిమధ్యకే వచ్చునట్లు నిలిపియుండుటచే ఆ తేడా రెండువైపులకును పంచుకొనబడి, చివరి జతకు ఒక్కొక్క ప్రక్క రెండున్నర అంగుళములు కావలసియుండెను. వడ్లతాత కోత వెంట్రుకవాసియైనను తప్పలేదు. ఆయనకు మేమిచ్చిన కొలతయే తప్పు.

ఇచట మేము నేర్చుకొన్నది ఇది: తెరమీది ఆకుపచ్చ రంగు అనిశ్చయము లేదని మాత్రమే చెప్పును, సత్యమని చెప్పదు. నాలుగు మూలలును సమకోణములని ఆజ్ఞ యిచ్చినది మేము. యంత్రము ఆ యాజ్ఞను నమ్మకముగా పాటించినది. అది మా కొట్టమును చూడలేదు. మా యూహను చూచినది. దానికి ముళ్లపొదలను దాటిపోవు కాళ్లు లేవు. మాకు గలవు, మేము పోలేదు.

ప్రొద్దెక్కిన పిమ్మట వడ్లతాత వచ్చెను. పనివాండ్రును, పిల్లలును కూడిన తరువాత, ముందటిదినము మాటాడిన పెద్దమనిషికిని కబురంపి పిలిపించి, అందరి యెదుట మేమిట్లంటిమి: కొలత తప్పినది వడ్రంగి కాదు, మేము. ఆయన అడిగినను మేము రెండవ కొసను కొలువలేదు. నిన్న ఆయనమీద నింద పడుచుండగా మేము మౌనముగా నుంటిమి. అది కొలత తప్పుటకంటె పెద్ద తప్పు. ఈ మాటలు చెప్పుటకు మాకు ఎక్కువసేపు పట్టలేదు గాని, వానికి ముందటి రాత్రి మాత్రము మిక్కిలి దీర్ఘమైనది. పెద్దమనిషి లేచి వడ్లతాత చేయి పట్టుకొనెను. వడ్లతాత మాత్రము ఆ విషయమున నేమియు అనక, గోడయెక్కి, పట్టెమీద కూర్చుండి, మీదినుండి యిట్లనెను:

"గోడ వంకరైతె అయింది సారూ. పట్టె ఎందుకు వంకర గావాలె? గోడ అడుగున్నర మందం ఉన్నది. పట్టెను లోపలికి జరుపుదం. మీ బొమ్మ తప్పుగాదు, మీ వాసాలు తప్పుగావు."

మాకు తట్టని యుపాయమది. పడమటి గోడపట్టెను పెరికి, దారము లాగి, తూర్పు పట్టెకు సరిగా సమాంతరముగా, ఆ కొసన అయిదంగుళములు లోపలికి పరచిరి. ఆ గోడమందములో అయిదంగుళములు జరుపుటకు చోటు కావలసినంత గలదు. ఆ మూలన చూరు గోడను దాటి అడుగున్నరకు మారుగా పదుమూడంగుళములే వచ్చును. ఆ మాత్రము చాలును. వంకరగోడను అనుసరించి వాసములను తలకొక తీరుగా కోసియున్నచో, ఒకే యచ్చున వచ్చిన ఆ మంగళూరు పెంకులు ఒదిగియుండెడివి కావు. వృద్ధుని దృష్టి గోడమీద గాక పెంకులమీద నుండెను. చెడిన రెండు వాసములకు మారుగా రెండు క్రొత్తవి కోసిరి. తక్కిన యిరువదియు అట్లే కూర్చున్నవి. మృగశిర ప్రవేశించిన దినమున చివరి వరుస పెంకులు పరచిరి.

బడులు తెరచిన పిదప పిల్లలు తెరమీది చిత్రమును మరల తెరచిరి. ఈసారి నాలుగు గోడలను, రెండు కర్ణములను టేపుతో కొలిచి, గోడలను ఉన్నవి ఉన్నట్లు వంకరగానే గీచి, వానిమీద పట్టెలను సమాంతరముగా నిలిపిరి. ఆ గోడను గీచినవాడు వడ్లతాత మనుమడే. గీతలు ఈసారియు ఆకుపచ్చనైనవి. వాడు చప్పట్లు కొట్టక, లేచి కిటికీలోనుండి కొట్టమువైపు ఒకమారు చూచి వచ్చి కూర్చుండెను. మేము ఇన్నాళ్లు చెప్పిన క్షేత్రగణితములో అంతకంటె మంచి పాఠమేదియు లేదని మాకు తోచెను.

అటుపిమ్మట పిల్లలను నల్లగొండ ప్రక్కనున్న పానగల్లునకు తీసికొనిపోయి, ఛాయా సోమేశ్వరాలయమును చూపితిమి. కందూరు చోడుల కాలపు కట్టడమది. గర్భగుడిలో లింగము వెనుక గోడమీద స్తంభపు నీడ పగలెల్ల కదలక నిలుచును. చూడబోయిన ఎదురుగా ఏ యొక్క స్తంభమును లేదు. వెలుపలి స్తంభముల మధ్యనుండి పలుదిక్కుల వచ్చు వెలుతురు కలియుటచే ఆ నీడ యేర్పడుచున్నది. స్తంభముల నడిమి యెడము మారినచో ఆ నీడ నిలువదు. తెర లేని కాలమున ఆ శిల్పులు రాతిని అంత నమ్మకముగా నిలిపిరనగా, కొలత చేతిలో నుండియే రాయి పైకెత్తిరని తెలియుచున్నది. పిల్లలు ఆ నీడను జూచుచుండగా వడ్లతాత మనుమడు తన టేపును తీసి స్తంభముల యెడమును కొలువసాగెను. మేము వారింపలేదు.

విద్యార్థులారా, మన పాలమూరు ప్రజలు దేశమున ఎన్నియో ఆనకట్టలకును భవనములకును తట్టలు మోసినవారు. మన నల్లగొండ సీమలో 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము వేలాది కూలీల చేతులమీదుగా లేచినదే. అట్టివారి బిడ్డలు మీరు. రేపు మీలో కొందరు తెరముందు కూర్చుండి గీతలు గీయు కొలువులలో చేరుదురు. ఆ దినమున మీ గీతను జూచి కర్ర కోయువాడు, ఇనుము వంచువాడు వచ్చి, "ఆ కొస గూడ కొలిచిండ్రా?" అని యడిగినచో, విసుగుకొనక లేచి పోయి కొలువుడు. తెరమీద తప్పును ఒక మీట నొక్కి తుడిచివేయవచ్చును. కోసిన కర్రకును, అన్న మాటకును, అనక మింగిన మాటకును అట్టి మీట లేదు.

చెడిపోయిన ఆ రెండు వాసములను మేము పారవేయలేదు. ఒకటి చేతిపనుల గదిలో బల్లకు కాలైనది. రెండవదానిని గణిత తరగతి గోడకు తగిలించి, దానిమీద సుద్దతో "12 అడుగుల 5 అంగుళములు" అని వ్రాసియుంచితిమి. సుద్ద చెరిగినప్పుడెల్ల మరల వ్రాయువారము మేమే.